మన పాటలు మన చేతిలో ఉండవలెను

నేడు మన కళాశాల ఆవరణలో అడుగిడు దాదాపు ప్రతి విద్యార్థి చేతిలోను ఒక స్మార్ట్‌ఫోను ఉన్నది. ఉత్తరము, గడియారము, కెమెరా అయినట్లే అది పాటల పెట్టె కూడ అయినది. బస్సులోను, హాస్టలు గదిలోను, పరీక్షల ముందు రాత్రులందును దానినుండి పాట విననివారు అరుదు. అయితే ఆ వినబడు పాట ఎవరిది అని ప్రశ్నించువారు అంతకంటెను అరుదు. ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని దానికి మనమిచ్చు సమాధానమును బట్టియే మన ఇండ్లలోని ఒక విలువైన ఆస్తి నిలుచుటయో నశించుటయో జరుగగలదని మా అభిప్రాయము. అందుచేతనే ఈ విషయమును విద్యార్థుల ముందును, కళాశాల కార్యవర్గము వారి ముందును ఉంచుచున్నాము.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానము గ్రామఫోను రికార్డులకెక్కినది. ఆ రికార్డు సుమారు మూడు నిమిషములు మాత్రమే పాడెడిది. 1963లో ఫిలిప్స్ కంపెనీ కేసెట్టును ప్రవేశపెట్టినది. 1982లో కాంపాక్టు డిస్కు వచ్చినది. సాధనములు మారినవి గాని ఒక్క సంగతి మారలేదు. డబ్బిచ్చి కొన్న రికార్డు కొన్నవాని ఇంటిలో ఉండెడిది. అమ్మిన కంపెనీ మూతపడినను అది మూగపోలేదు. తాత కొన్న రికార్డును మనుమడు వినగలిగెను. పొరుగువారు ఎరువు తెచ్చుకొనగలిగిరి. ఇప్పుడు స్ట్రీమింగ్ సేవల ద్వారా మనము వినుచున్న పాట అట్టిది కాదు. అది అద్దె పాట. చందా చెల్లించినన్నాళ్లు, కంపెనీల నడుమ ఒప్పందము నడచినన్నాళ్లు, ఆ సేవ బ్రతికియున్నన్నాళ్లు మాత్రమే అది మనకు వినబడును.

ఇది ఊహించి చెప్పుచున్న భయము కాదు. గూగుల్ ప్లే మ్యూజిక్ అను సేవలో జనులు తమ స్వంత పాటల ఫైళ్లను కూడ దాచుకొనెడివారు. ఆ సేవ 2020లో మూతపడినది. గడువులోగా వేరొక చోటికి మార్చుకొనని వారి పాటలు 2021 ఫిబ్రవరిలో తొలగింపబడినవి. 2023 మార్చిలో ఒప్పందము కుదరనందున జీ మ్యూజిక్ వారి పాటలు స్పాటిఫై నుండి ఒక్కసారిగా మాయమైనవి. రెస్సో అను సేవ 2024 జనవరి 31న మన దేశములో నిలిచిపోయినది. అదే సంవత్సరము వింక్ మ్యూజిక్ మూతపడుచున్నట్లు ప్రకటన వెలువడినది. వీటన్నిటికంటె పెద్ద హెచ్చరిక మైస్పేస్ ఉదంతము. 2015 వరకు జనులు అందులో ఉంచిన సంగీతము, 5 కోట్లకు పైబడిన పాటలు, సర్వర్ల మార్పిడిలో నశించినట్లు 2019లో లోకమునకు తెలిసినది. ఆ పాటలలో పెక్కింటిని పాడినవారు పేరు ప్రతిష్ఠలు లేని యువకులు. వాటికి వేరొక ప్రతి ఉన్నదో లేదో పాడినవారికే ఎరుక.

"మేము పాటలను డౌన్‌లోడ్ చేసికొని యుంచుకొన్నాము గదా" అని కొందరు విద్యార్థులు అనవచ్చును. సేవలోపల డౌన్‌లోడ్ చేసిన పాట తాళము వేసిన పెట్టెలోని వస్తువు వంటిది. పెట్టె మన ఇంట ఉన్నను తాళపుచెవి కంపెనీ చేతిలో ఉన్నది. స్పాటిఫైలో అట్లు దాచిన పాటలు నిలువవలెనన్న కనీసము 30 దినములకొక పర్యాయము ఇంటర్నెట్టుతో కలుపవలసియుండును. చందా ఆగినచో అవియు ఆగును.

ఇంత చెప్పినను స్ట్రీమింగ్‌ను బహిష్కరింపుడని మేము అనుట లేదు. అందులోని మేలును కాదనుట న్యాయము కాదు. ఒకప్పుడు ఒక కేసెట్టు కొనుటకు జేబు తడుముకొనిన విద్యార్థి నేడు స్వల్ప వ్యయముతో లక్షల పాటలు వినగలుగుచున్నాడు. మారుమూల గ్రామమునుండి వచ్చిన బాలిక ఉస్తాదుల గానమును, విద్వాంసుల వాద్యమును ఇంటనుండియే వినగలుగుచున్నది. క్రొత్త పాటను పరిచయము చేసికొనుటకు ఈ సేవలు ఉత్తమ సాధనములు. కాని పరిచయము వేరు, బంధుత్వము వేరు. జీవితాంతము తోడుండవలెనని మనము కోరు పాటలు నూరో రెండు నూర్లో ఉండును. వాటినైనను న్యాయముగా కొని, ఫైళ్లుగా మన వద్ద ఉంచుకొనవలెను. మా వాదములో సగమింతే.

రెండవ సగము దీనికంటె ముఖ్యమైనది. ఏ కంపెనీ వద్దను, ఏ సేవలోను దొరకని పాటలు మన ఇండ్లలో ఉన్నవి. హైదరాబాదు పెండ్లిండ్లలో ఆడవారు కూర్చుండి, వియ్యపురాండ్రను ఎగతాళి చేయుచు దక్కనీలో పాడు ఢోలక్ పాటలున్నవి. ముహర్రములో చదువు మర్సియాలు, నౌహాలు ఉన్నవి. తెలంగాణ పల్లెలలో పీర్ల గుండము చుట్టును హిందువులు, ముస్లిములు కలిసి పాడు తెలుగు పాటలున్నవి. ఏదో ఒక ముహల్లాలో జరిగిన ముషాయిరాను ఎవరో టేపురికార్డరులో పట్టియుంచినారు. గల్ఫు దేశములకు పోయిన తండ్రులకు ఇంటివారు ఉత్తరమునకు బదులు మాటలు నింపి పంపిన కేసెట్లున్నవి. వాటిలో పసిపాప పాటయు, అవ్వ జోలపాటయు వినబడును. వీటి ధర బజారులో కాసైనను లేదు. అందుచేతనే వీటిని రక్షించు వ్యాపారి ఎవడును రాడు.

మన సమాజమునకు సంగీతములో ఎంతటి పాలున్నదో రెండు పేర్లు చాలును. ఒంగోలు సమీపమున కరవదిలో జన్మించిన షేక్ చిన మౌలానా నాదస్వర విద్వాంసుడై శ్రీరంగమున స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమును అందుకొన్నారు. హైదరాబాదు ఖవ్వాలీ గాయకులు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ 1971లో పద్మశ్రీ పొందినారు. ఇట్టి ప్రసిద్ధుల గానము ఏదో ఒక రూపమున నిలుచును. వారి వెనుక ఊరూర దర్గాలలోను, దేవాలయముల ముంగిటను పాడి వాయించినవారి గొంతులు, బాణీలు నిలుచునా? అవి నిలిచిన ఒకే ఒక చోటు ఇంటి అటకమీది కేసెట్ల డబ్బా కావచ్చును.

ఆ డబ్బా చిరకాలము ఉండదు. కేసెట్టులోని నాడా సన్నని ప్లాస్టిక్కుపై పూసిన అయస్కాంతపు పొడి. వేడికి అది సాగును, చెమ్మకు బూజు పట్టును, ఏండ్లు గడచిన కొలది ధ్వని క్షీణించును. నాడా బాగున్నను వినిపించు యంత్రము ఉండవలెను గదా! టేపురికార్డరును బాగుచేయు పనివారు పట్టణములలోనే అరుదైనారు. ఈ పని చేయుటకు మనకు మిగిలిన కాలము దీర్ఘమైనది కాదు.

చేయు విధానము కష్టమైనది కాదు. మొదట కేసెట్టు పైఅంచున ఉండు రెండు చిన్న పలకలను విరిచివేయవలెను. అప్పుడు పొరపాటున దానిపై మరల రికార్డు చేయుట సాధ్యపడదు. టేపు నడచు తలను స్పిరిటులో ముంచిన దూదితో తుడువవలెను. టేపురికార్డరులో చెవిఫోను తగిలించు చోటునుండి కంప్యూటరునకు ఒక తీగ కలిపి, ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాముతో ధ్వనిని పట్టవలెను. 60 నిమిషముల కేసెట్టునకు 60 నిమిషములు పట్టును. ఇందులో అడ్డదారి లేదు. కాంపాక్టు డిస్కు స్థాయిలో పట్టినచో ఆ కేసెట్టు ఫైలు సుమారు 635 మెగాబైట్లు అగును. ఒక టెరాబైటు డిస్కులో అట్టివి 1,500 కేసెట్లు ఇమిడిపోవును. ఒక బీరువాలోని ధ్వని అంతయు అరచేతిలో ఇముడునన్నమాట.

మూలప్రతిని తగ్గించక భద్రపరచి, ఫోనులో వినుటకు వేరొక చిన్న ప్రతిని చేసికొనవచ్చును. ఎం.పి.3 పద్ధతిలో సామాన్యమైన నాణ్యతతో నిమిషమునకు దాదాపు ఒక మెగాబైటు చాలును. ఆ లెక్కన నాలుగు నిమిషముల పాటలు 32 గిగాబైట్ల మెమరీ కార్డులో ఏడు వేలకు పైగా పట్టును. నాణ్యత ఏ మాత్రము తగ్గరాదనుకొన్నవారు ఫ్లాక్ పద్ధతిని అనుసరింపవచ్చును. కాని స్థలము అంతకు అయిదారు రెట్లు కావలెను. ఫోనును కేబులుతో కంప్యూటరునకు కలిపి పాటల ఫోల్డరులోనికి ఫైళ్లను ఎక్కింపవలెను. కార్డు పెట్టు చోటు లేని ఫోనులలో లోపలి జాగాయే వాడవలెను. వి.ఎల్.సి. వంటి ఉచిత ప్లేయరు ఈ పద్ధతులన్నింటిని పాడును. అందుకు చందా అక్కరలేదు, ఇంటర్నెట్టు అక్కరలేదు. సిగ్నలు లేని రైలు ప్రయాణములోను ఆ పాట ఆగదు.

పేరు పెట్టుట అన్నింటికంటె శ్రద్ధ కోరు పని. పేరు లేని ఫైలు చిరునామా లేని ఉత్తరము. మనవారు పాటల పేర్లను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి, ఒకే పాటను మూడు విధములుగా వ్రాయుచున్నారు. తరువాత వెదకినచో ఒకటి దొరకును, రెండు దొరకవు. తెలుగు పాట పేరు తెలుగు లిపిలోను, ఉర్దూ పాట పేరు ఉర్దూ లిపిలోను వ్రాయుటకు నేటి ఫోనులలో ఆటంకము లేదు. పాడినవారు, పాడిన సందర్భము, ఊరు, తెలిసినచో సంవత్సరము కూడ ఫైలులోనే చేర్చవలెను. ఈ వివరములు చెప్పగల అమ్మమ్మలు, నానీలు, దాదీలు నేడు మన నడుమ ఉన్నారు. ధ్వని టేపులో ఉన్నది గాని దాని చరిత్ర వారి జ్ఞాపకములో ఉన్నది. టేపునకంటె ముందుగా వారిని అడిగి వ్రాసికొనుట మంచిది.

రెండు హద్దులను గూర్చి చెప్పవలసియున్నది. మొదటిది చట్టము. 1957 నాటి కాపీరైటు చట్టము స్వంత వినియోగమునకు కొంత వెసులుబాటు ఇచ్చినది గాని, కొన్న పాటను నూరుగురికి పంచుటకు అనుమతింపలేదు. ప్రచురింపబడిన రికార్డుపై హక్కు మరుసటి సంవత్సరము మొదలు 60 సంవత్సరములుండును. అందలి సాహిత్యముపై కవికి, బాణీపై స్వరకర్తకు వేరుగా హక్కులున్నవి. కళాకారుని కష్టమును దొంగిలించి సంగీతప్రియులమనిపించుకొనుట తగదు.

రెండవది మర్యాద. ఇంటిలో ఆడవారు తమలో తాము పాడుకొన్న పాట పదిమంది చెవిని పడుటకు వారికి సమ్మతమో కాదో అడుగవలెను. కాదన్నచో ఆ ప్రతి ఆ ఇంటిలోనే ఉండవలెను. మరణించినవారి గొంతు విషయములో వారి పిల్లల మాట పాటింపవలెను. భద్రపరచుట వేరు, బహిరంగపరచుట వేరు. ఈ భేదమును మరచినచో ఇళ్ల తలుపులు మూసికొనును, మన ప్రయత్నము ఆదిలోనే చెడును.

ఇక కార్యవర్గము వారికి మా విన్నపము. ఉర్దూ, తెలుగు చదువువారు ఒకే కప్పు క్రింద కూర్చుండు విద్యాసంస్థలు ఎన్నో లేవు. ఈ పని మన కళాశాల చేయకున్న మరెవ్వరు చేయుదురు? గ్రంథాలయములో ఒక బల్ల, పనిచేయు ఒక టేపురికార్డరు, ఉన్న కంప్యూటరులలో ఒకటి, రెండు డిస్కులు ఇప్పించినచో చాలును. పుస్తకములకు ఉన్నట్లే కేసెట్లకును ఒక రిజిస్టరు ఉండవలెను. కేసెట్టు తెచ్చిన విద్యార్థి పేరు, తిరిగి ఇచ్చిన తేదీ, ఇంటివారి అనుమతి అందులో వ్రాయవలెను. ఒక డిస్కు గ్రంథాలయములోను, రెండవది వేరొక భవనములోను ఉంచవలెను. మూడవ ప్రతి కేసెట్టుతోపాటు ఆ ఇంటికే చేరవలెను. ఉర్దూ శాఖవారు తెలుగు పాటల పట్టికను, తెలుగు శాఖవారు ఉర్దూ పాటల పట్టికను ఒకరికొకరు చదివి వినిపించుకొన్నచో, అది ఏ ఉపన్యాసముకంటెను ఎక్కువ మేలు చేయును.

విద్యార్థులకు మా మనవి ఇంకను చిన్నది. రాబోవు సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు అటకమీద ఏమున్నదో చూడుడు. దొరికిన దానిని పారవేయనీయక, ఎండ తగులనీయక తీసికొని రండు. ఒక్కొక్కరు ఒక్క కేసెట్టు తెచ్చినను వచ్చు సంవత్సరపు సంచిక నాటికి మన గ్రంథాలయములో ఒక క్రొత్త బీరువా అవసరమగును. తమ ఇంటివారి పాట తమ ఫోనులో, తమ భాష లిపిలో వ్రాసిన పేరుతో, ఎవరి అనుమతియు కోరకయే వినబడు దినము మన విద్యార్థులందరికిని కలుగవలెనని ఆకాంక్షించుచున్నాము.