చవక లాప్‌టాప్ కొనవచ్చునా?

బాలలూ! మీ ఇంట్లో చవక లాప్‌టాప్ కొనబోతున్నారా? పైరంగు చూసి మురిసిపోకండి. అందులో ర్యామ్ మనం రాసుకునే బల్ల వంటిది. స్టోరేజి పుస్తకాల బీరువా వంటిది. బల్ల ఇరుకైతే పని నత్తనడక నడుస్తుంది.

2021లో వచ్చిన విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి ఉండాలి. సరిగ్గా అంతే ఉంటే, బీరువాలో చాలా చోటు విండోసే ఆక్రమిస్తుంది. మరి మీ పాఠాలకు చోటేదీ?

అనేక చవక యంత్రాలలో ఈ రెండూ బోర్డుకే అతికి ఉంటాయి. తరువాత మార్చటానికి వీలుండదు. అందుచేత దుకాణంలో, "ర్యామ్ 8 జీబీ ఉన్నదా? లేకుంటే తరువాత పెంచుకోవచ్చునా?" అని నాన్నగారిచేత అడిగించండి. రెంటికీ "లేదు" అంటే, ఆ డబ్బు దాచి మరి కొన్నాళ్లు ఆగటమే మేలు!