ఫోటో ఒకరిది, పేరు ఒకరిది కాకూడదు



ఈసారి సభ్యుల జాబితాలో ఫోటోలు కూడా ఉండాలని చాలామంది అడుగుతున్నారు. మంచి మాటే. అయితే ఎక్సెల్‌లో ఒక్కొక్క ఫోటో చేత్తో అతికించడం వద్దు, ప్రోగ్రామ్ రాయించి పెట్టిద్దామని మా అభిప్రాయం.

ఎక్సెల్‌లో మామూలుగా పెట్టే ఫోటో గడి లోపల ఉండదు, గడి పైన ఉంటుంది. బంక రాయకుండా కాగితం మీద పెట్టిన పాస్‌పోర్టు ఫోటో మాదిరి. అది గడి దాటి ఉంటే, పేర్లను అక్షర క్రమంలో మార్చినప్పుడు పేరు ఒక చోటికి పోయి ఫోటో ఇంకోచోట నిలవవచ్చు. కాలం చేసినవారి ఫోటో పక్కన బతికున్నవారి పేరు వస్తే ఆ ఇంటివాళ్ళకు ఏం జవాబు చెప్తాము?

పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్ అని ఉచితంగా దొరికేది ఒకటి ఉంది. ఫోటోల కోసం దానికి తోడు పిల్లో కావాలి. ఏ ఫోటో, ఏ గడి అని చెప్తే వరుసగా పెట్టుకుంటూ పోతుంది. కంప్యూటర్ చదివిన మన పిల్లలకు ఇది పెద్ద పని కాదు. కానీ వాళ్ళకు అప్పగించే ముందు పెద్దలం మూడు సంగతులు తేల్చాలి.

ఒకటి: ఫోటో ఫైలుకు మనిషి పేరు వద్దు, సభ్యత్వ నంబరు పెట్టాలి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. అందులోంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి రాజగోపాల్ పేరు ఒక్కో కాగితంలో ఒక్కో రకం. పైగా ఒకే పేరున్నవాళ్ళు మనలో ఎంతమంది!

రెండు: ఫోటోలను ముందే చిన్నవి చేయాలి. ప్రోగ్రామ్‌లో కొలత మాత్రం తగ్గిస్తే కంటికి చిన్నగా కనబడుతుంది, అసలు ఫోటో మొత్తం ఫైలులోనే కూర్చుంటుంది. ఒక్కొక్కటి 3 ఎంబీ అయితే 200 మందికి 600 ఎంబీ. ఎవరి ఫోనులో తెరుచుకుంటుంది?

మూడు: ఫోటోలున్న ఫైలు నకలు మాత్రమే. పేర్ల పట్టిక, ఫోటోల ఫోల్డరు, ఈ రెండే అసలు. మార్పు ఏదైనా అక్కడే చేసి, ప్రోగ్రామ్ మళ్ళీ నడిపి కొత్త ఫైలు తీయాలి. నకలులో దిద్దడం మొదలుపెడితే ఏది సరైనదో తరువాత ఎవరూ చెప్పలేరు. రైల్వేలో రిజిస్టర్లు రాసిన మాకు ఇది కొత్త కాదు.

ఆ ప్రోగ్రామ్ రాసిన అబ్బాయి ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోకూడదు. ఉద్యోగమని రేపు అతను బెంగళూరు వెళ్తే పని ఆగిపోతుంది. ఒక కాపీ సంఘం ఆఫీసులో ఉండాలి.

వచ్చే మీటింగులో దీన్ని చర్చకు తీసుకోమని కార్యదర్శి గారిని కోరుతున్నాము. అంతలోపల అందరూ రసీదులు వెతికి మీ సభ్యత్వ నంబరు సరిచూసుకోండి. పని అక్కడినుంచే మొదలవ్వాలి.