పండుగ పళ్లెంలోకి తెల్ల చాక్లెట్ ట్రఫుల్స్

ఈద్ నాడు షీర్ ఖుర్మాతోపాటు మరొక తీపి వంటకాన్ని ఆడపిల్లల చేత చేయించాలని ఉందని, అయితే ఇంట ఓవెన్ లేదని, ఏది సులువో చెప్పమని తల్లులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. వారి కోసం ఈ నెల మేము ఎంచుకున్నది కమలాపండు పరిమళంతో కూడిన తెల్ల చాక్లెట్ ట్రఫుల్స్. దీనికి కాల్చే పని లేదు. మీగడను కొద్దిగా వేడి చేయడం, చాక్లెట్‌ను కరిగించడం, చల్లార్చి ఉండలు చుట్టడం, ఇంతే పని. రవ్వ లడ్డు చుట్టగల చేతులు దీనిని సునాయాసంగా చుట్టగలవు.

ముందుగా పేరు సంగతి. ట్రఫుల్ అనేది నేల లోపల పెరిగే ఒక జాతి పుట్టగొడుగు. కోకో పొడిలో దొర్లించిన చాక్లెట్ ఉండ మట్టి అంటిన ఆ పుట్టగొడుగులా కనిపించడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. అరబ్బు ఎడారిలో వానల తరువాత దొరికే ట్రఫుల్‌ను అరబీలో ‘కమ్అ’ అంటారు. కువైట్ వెళ్ళివచ్చిన మన సోదరులు దానిని అక్కడి బజారులో ‘ఫగా’ అన్న పేరుతో చూసి ఉంటారు. అది ‘మన్న్’ కోవకు చెందినదని, దాని రసం కంటికి స్వస్థత అని దైవప్రవక్త (సఅసం) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హదీసు ఉన్నది. మన చాక్లెట్ ఉండకు ఆ గుణాలేవీ లేవు, పేరు మాత్రమే కలిసింది.

ఇక అసలు విషయానికి వద్దాము. కాల్చని, ఉడికించని ఈ తీపిలో మనం వేసినది వేసినట్లే మిగిలి ఉంటుంది. కనుక ఏమి వేస్తున్నామో తెలుసుకోవడమే ఇందులో పెద్ద పని.

పాశ్చాత్య వంట పుస్తకాలలో ఈ ట్రఫుల్స్‌కు నారింజ వాసన గల మద్యాన్ని ఒకటి రెండు చెంచాలు పోయమని తరచుగా వ్రాస్తారు. ‘కొంచెమే కదా, ఆవిరైపోతుంది కదా’ అన్న మాట వినిపిస్తుంది. చల్లారిన మిశ్రమంలో పోసినది ఎక్కడికి ఆవిరవుతుంది? వండినా వండకున్నా, మద్యాన్ని తెచ్చి ఆహారంలో పోయడం మనకు ధర్మసమ్మతం కాదు. వనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ సంగతి వేరు. అందులో పరిమళాన్ని పట్టి ఉంచడానికి ఆల్కహాల్ వాడతారు. అమెరికా ప్రమాణం ప్రకారం అది 35 శాతానికి తగ్గకూడదు. దీని విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే కమలా తొక్క ఉండగా ఈ వంటకానికి ఏ సీసా అక్కర లేదు.

మన దేశంలో అమ్మే పొట్లాలపై ఆకుపచ్చ గుర్తు ఉంటే అందులో జంతువుల కొవ్వు గాని, జెలటిన్ గాని లేవని అర్థం. పాలు, పాల పదార్థాలు మాత్రం ఉండవచ్చు. అయితే ఆ గుర్తు ఆల్కహాల్ గురించి ఏమీ చెప్పదని గమనించాలి. గల్ఫ్ నుండో ఐరోపా నుండో బంధువులు తెచ్చే చాక్లెట్లపై ఆ గుర్తే ఉండకపోవచ్చు. అప్పుడు పదార్థాల జాబితా చదవాలి. ఇ 322 అంటే లెసిథిన్, అది సాధారణంగా సోయా నుండి వస్తుంది. ఇ 441 అన్న అంకె ఒకప్పుడు జెలటిన్‌ను సూచించేది. ఇ 471 మొక్కల నూనె నుండి గాని, జంతువుల కొవ్వు నుండి గాని తయారు కావచ్చు. ఇక్కడే ఆగి విచారించాలి. విచారించకుండానే అంకెను చూసి ‘ఇది హరామ్’ అని చాటేవారిని మేము ఎరుగుదుము. తినడానికి ఆధారం ఎంత అవసరమో, నిషేధించడానికీ అంతే అవసరం. ప్రేమతో తెచ్చిన మేనమామ ముందే పెట్టెను చెత్తబుట్టలో వేయడం భయభక్తి అనిపించుకోదు.

అంగడిలో తెల్లగా కనిపించే ప్రతి పలకా తెల్ల చాక్లెట్ కాదు. అసలైన దానిలో కోకో వెన్న, పాలపొడి, చక్కెర ఉంటాయి. నల్లని కోకో పొడి ఉండదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ ప్రకారం కోకో వెన్న కనీసం 20 శాతం, పాల ఘనపదార్థాలు కనీసం 14 శాతం ఉండాలి. చవకగా దొరికే ‘కాంపౌండ్’ పలకలలో కోకో వెన్నకు బదులు గట్టిపరచిన పామ్ జాతి నూనెలు ఉంటాయి. అది నాలుకపై మైనంలా నిలుస్తుంది. జాబితాలో కోకో బటర్ అన్న మాట ఉన్నదో లేదో చూసి కొనండి. ధర ఎక్కువైతే తక్కువ ఉండలు చేయండి.

300 గ్రాముల తెల్ల చాక్లెట్‌కు 75 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్, 20 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు చాలు. మన దుకాణాలలోని డబ్బా క్రీమ్‌లో కొవ్వు సాధారణంగా 25 శాతమే ఉంటుంది, మిగిలినది ఎక్కువ భాగం నీరే. కాబట్టి విదేశీ కొలతలను అనుసరించి ఎక్కువ పోస్తే ఉండ నిలవదు. పరిమళానికి రెండు కమలాపండ్ల తొక్క, లేదా ఒక బత్తాయి, ఒక నిమ్మ తొక్క తీసుకోవాలి. మా అభిప్రాయంలో బత్తాయి, నిమ్మ జోడీయే మేలు. తెల్ల చాక్లెట్‌లో కోకో చేదు లేనందున తీపి మొహం మొత్తుతుంది, నిమ్మ వాసన దానిని విరుస్తుంది.

పరిమళమంతా తొక్క పైపొరలోని సన్నని నూనె తిత్తులలో ఉంటుంది. దాని క్రింది తెల్లని పొర చేదు. పండ్లను గోరువెచ్చని నీటిలో బాగా రుద్ది కడిగి, పూర్తిగా తుడిచి, సన్నని తురుము పీటపై రంగు ఉన్నంతవరకే తేలికగా తురమాలి. ఆ తురుమును క్రీమ్‌లో వేసి, అంచున బుడగలు కనిపించేవరకు వేడిచేసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచాలి. మళ్ళీ వేడిచేసి, సన్నగా తరిగిన చాక్లెట్‌పై పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలి, నడిమి నుండి అంచులకు మెల్లగా కలపాలి. ముక్కలు మిగిలితే పొయ్యి ఆర్పిన వేడినీటి గిన్నెపై ఈ గిన్నెను కాసేపు ఉంచితే కరుగుతాయి. తెల్ల చాక్లెట్ మాడడానికి ఎక్కువ వేడి అవసరం లేదు, నేరుగా మంటపై పెట్టరాదు. కరిగే చాక్లెట్‌లో ఒక్క నీటిబొట్టు పడినా అది గరుకుగా ముద్దకడుతుంది. అందుకే గిన్నె, చెంచా పొడిగా ఉండాలి, పండ్ల రసం ముందుగా పోయకూడదు. పులుపు కావాలనుకునేవారు క్రీమ్, చాక్లెట్ పూర్తిగా కలిసిపోయిన తరువాత ఒక చెంచాడు నిమ్మరసం చేర్చవచ్చును. నూనె పైకి తేలి మిశ్రమం విరిగినట్లు కనిపిస్తే భయపడనవసరం లేదు, ఒక చెంచా గోరువెచ్చని పాలు పోసి కలిపితే మళ్ళీ ఒకటవుతుంది.

వెన్న, ఉప్పు కలిపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచండి. తరువాత చెంచాతో తీసి, చల్లని నీటితో కడిగి తుడుచుకున్న చేతులతో త్వరగా చుట్టి, ఎండుకొబ్బరి పొడిలో గాని పిస్తా పొడిలో గాని దొర్లించండి. పాతిక ఉండల వరకు వస్తాయి.

కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వద్ద కరుగుతుంది. మే నెలలో మన ఊళ్ళ గదులలో అంతకంటే ఎక్కువ వేడి ఉంటుంది. అందువల్ల పండుగ పళ్లెంలో ఉదయం నుండి అమర్చి ఉంచకండి. అతిథులు వచ్చాక పది నిమిషాల ముందు తీస్తే చాలు. ఫ్రిజ్‌లో మూతగల డబ్బాలో వారం రోజులు నిలుస్తాయి. ఇందులో చక్కెర చాలా ఎక్కువ కనుక మధుమేహం ఉన్న నాన్నమ్మకు, తాతయ్యకు ఒకటి సగం చేసి ఇవ్వండి. పొరుగువారికి పంపేటప్పుడు పిస్తా, పాలు ఉన్నాయని చెప్పి పంపండి, కొందరి పిల్లలకు అవి పడవు. దూరం పంపవలసి వస్తే సాయంత్రం ఎండ తగ్గాక, గట్టిపడిన ఉండలనే డబ్బాలో కాగితం పరిచి పంపండి.