తీర్పుతో తీరని బాధ్యత

ఇందిరాపురం నుంచి సుప్రీంకోర్టు ఎంతో దూరం కాదు. ఆ ఇందిరాపురం ఉన్న గాజియాబాద్ జిల్లాకే చెందిన ఒక తల్లీతండ్రీ, కొడుకు ప్రశాంత మరణం కోసం ఆ గడప తొక్కవలసి వచ్చింది.

చండీగఢ్‌లో చదువుకుంటున్న హరీశ్ రాణా 2013లో నాలుగో అంతస్తు నుంచి పడి, శాశ్వత అచేతన స్థితిలోకి వెళ్లాడు. గొట్టం ద్వారా అందే ఆహారమే అతణ్ని నిలిపింది. వెంటిలేటర్‌పై లేడు కనుక అనుమతి కుదరదని 2024లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. గొట్టంతో ఇచ్చే ఆహారమూ వైద్యమేనని, రోగి శ్రేయస్సుకు తోడ్పడనప్పుడు దాన్ని ఉపసంహరించవచ్చని 2026 మార్చి 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఉపసంహరణ ఎయిమ్స్‌లో, ఉపశమన వైద్యుల సంరక్షణలో జరగాలన్నది. చికిత్స ఆగినా సంరక్షణ ఆగరాదన్నదే ఇందులోని సారం.

గౌరవప్రదమైన మరణం జీవించే హక్కులో భాగమని రాజ్యాంగ ధర్మాసనం 2018లోనే ప్రకటించింది. పార్లమెంటు చట్టం చేసేవరకు తన మార్గదర్శకాలు అమలులో ఉంటాయన్నది. ఆ ప్రక్రియ ఆచరణలో దుస్సాధ్యమని తేలడంతో 2023లో తానే సడలించింది: ముందస్తు వైద్య ఆదేశాన్ని నోటరీ ధ్రువీకరిస్తే చాలు, రెండు వైద్య బోర్డులు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. పార్లమెంటు మాత్రం నేటికీ మౌనంగానే ఉంది. 2016 నాటి ముసాయిదా బిల్లు చట్టం కాలేదు.

ఈ మౌనం తెలుగువారికి కొత్త కాదు. కండరాల క్షీణతతో మరణశయ్యపై ఉన్న హైదరాబాద్ చదరంగం క్రీడాకారుడు వెంకటేశ్, ప్రాణాధార యంత్రాలు తొలగించి అవయవాలు దానం చేయనివ్వమని కోరితే, 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించింది. చట్టం అడ్డొచ్చింది. రెండు దశాబ్దాలు గడిచినా ఆ బరువు కోర్టుల మీదే ఉంది.

ఆస్తి కోసమో, ఖర్చు భరించలేకో వృద్ధులను వదిలించుకుంటారన్న భయం సహేతుకమైనదే. కానీ డబ్బు చాలక రోగిని ఇంటికి తీసుకుపోయే కుటుంబాలు నేడూ ఉన్నాయి. అక్కడ నిర్ణయించేది రోగి అభీష్టం కాదు, ఆసుపత్రి బిల్లు. నొప్పి తగ్గించే మందు, ఇంటికి వచ్చే నర్సు అందుబాటులో లేనిచోట 'నిర్ణయ స్వేచ్ఛ' అన్నమాటకు అర్థం లేదు. కేరళ 2008లోనే ఉపశమన సంరక్షణ విధానం ప్రకటించి, దాన్ని స్థానిక సంస్థల బాధ్యతగా చేసింది. మిగతా రాష్ట్రాలకు ఆ దారి తెలియనిది కాదు.

కోర్టు హక్కును గుర్తించగలదు. రోగి మంచం పక్కకు నర్సును పంపవలసింది ప్రభుత్వమే.