వంశవృక్షంలో ఆడకొమ్మలేవి?

ఆమధ్య ఒక సోదరి మా సంఘానికి వచ్చింది. తండ్రి చనిపోయాక అన్నదమ్ములు పొలాన్ని తమ పేర్లకు మార్పించుకోవడానికి వంశవృక్షం రాసి దాఖలు చేశారు. అందులో తండ్రి ఉన్నాడు, ముగ్గురు కొడుకులున్నారు, వాళ్ల కొడుకులు కూడా ఉన్నారు. తల్లి లేదు. ఇద్దరు కూతుళ్లూ లేరు. "నేను అసలు పుట్టనే లేదా అక్కా?" అని అడిగిందామె. ఊరంతా ఎరిగిన మనిషి ఒక్క కాగితంతో లేకుండా పోయింది. కుటుంబ చరిత్రలు రాసుకోవడం తీరిక ఉన్నవాళ్ల సరదా అని కొట్టిపారేసేవాళ్లం మనలోనూ ఉన్నాం. ఆ సోదరి ప్రశ్న విన్నాక నేనలా అనలేను.

ఈ పని మన దగ్గర ఒక్కచోటే జరగలేదు. దక్షిణాఫ్రికా సంగతి చూద్దాం. అక్కడ 1964లో వంశచరిత్ర సంఘం ఏర్పడింది. దాని సభ్యులు సమాధిరాళ్ల ఫోటోలు తీస్తారు, చర్చి రిజిస్టర్లు ఎత్తి రాస్తారు, మరణ నోటీసులు వెతుకుతారు. ఈ శ్రమను తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ ఆ దేశంలో వంశచరిత్ర మొదటినుంచీ "తొలి వలసదారుల" చరిత్రగానే నడిచింది. 1652లో వచ్చిన డచ్చివారు, 1688లో వచ్చిన ఫ్రెంచి హ్యూగెనాట్లు, 1820లో వచ్చిన బ్రిటిష్‌వారు: వీళ్లే మార్గదర్శకులు. అంతకు ముందే ఆ నేలమీద బతుకుతున్న ఖోయ్, సాన్ ప్రజలూ, బానిసలుగా పట్టి తెచ్చినవాళ్లూ ఆ లెక్కలోకి రాలేదు.

అక్కడి వంశావళి పుస్తకాలు డివిలియర్స్, పామా అనేవారి పేర్లతో పిలిచే ఒక పద్ధతిని పాటిస్తాయి. మూలపురుషుడు "ఎ". ఆయన పిల్లలు బి1, బి2. మనవలు సి1, సి2. కూతురికీ ఒక అంకె దొరుకుతుంది, ఆమె భర్త పేరూ రాస్తారు. కానీ కొమ్మ అక్కడితో ఆగిపోతుంది. ఆమె కన్న పిల్లలు వేరే ఇంటిపేరు కింద, వేరే పుస్తకంలో ఉంటారు. కాగితాలు దొరక్క ఇలా జరిగిందా? కాదు. కేప్ చర్చి రిజిస్టర్లలో తల్లులు తమ పుట్టింటి పేర్లతోనే కనిపిస్తారు. తండ్రి పేరు లేని బిడ్డ నామకరణం దగ్గర కూడా తల్లి పేరు ఉంది. కొమ్మను నరికింది రికార్డు కాదు, దాన్ని చూసి పుస్తకం రాసిన చెయ్యి.

అలా మరుగున పడినవాళ్లలో ఒకామె మన తీరం నుంచి వెళ్లింది. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పులికాట్‌లో అప్పట్లో డచ్చివారి కోట ఉండేది. అక్కడి నుంచి బానిసగా వెళ్లిన స్త్రీని రికార్డులు "పెద్ద కత్రీన్" అంటాయి. సహచరుణ్ణి చంపిందన్న నేరం మీద బటావియాలో ఆమెకు మరణశిక్ష వేసి, తర్వాత ద్వీపాంతర శిక్షగా మార్చి, 1657లో కేప్‌కు పంపారు. అక్కడ కోటలో బట్టలుతికింది. ఒక జర్మన్ సిపాయి వల్ల ఆమెకు 1669లో కొడుకు పుట్టాడు. ఆ కొడుకే స్నైమన్ అనే పెద్ద ఆఫ్రికానర్ వంశానికి మూలం. మనుషుల్ని జాతులవారీగా నమోదు చేసిన 1950 నాటి చట్టం 1991 దాకా అమలులో ఉన్న దేశంలో ఇలాంటి అమ్మమ్మ గురించి ఎవరు గొప్పగా చెప్పుకుంటారు? ఆఫ్రికానర్ల పూర్వీకుల్లో సుమారు 7 శాతం ఐరోపా బయటివారని జె.ఎ. హీసే అనే పరిశోధకుడు 1971లో లెక్కగట్టాడు. తల్లుల పేర్లు బయటికొస్తే "శుద్ధ రక్తం" అన్న అబద్ధం నిలవదు. జాతి పెత్తనమూ పితృస్వామ్యమూ ఒకదాన్నొకటి ఎలా కాపాడుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. కులం పేరుతో మన దగ్గర జరిగేది దీనికి భిన్నమా?

ఇక నాతాల్ కూలీల సంగతి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు రాశారు. మనుషుల్ని సరుకులా లెక్కపెట్టిన జాబితా ఇది. అయినా విచిత్రం చూడండి, కుటుంబ పుస్తకాల్లో దొరకని స్త్రీ ఇక్కడ దొరుకుతుంది. ఆమెకు సొంత నంబరుంది, సొంత ఊరుంది. మగవాడికి మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆమెకు అందులో సగం.

ఈనాడు ఆ కూలీల మునిమనవరాళ్లు ఈ జాబితాల్లో తమవాళ్లను వెతుకుతున్నారు. "తాతతో కలిసి వచ్చింది" అని ఇంట్లో చెప్పుకున్న అవ్వ ఒంటరిగా ఓడెక్కినట్టు కనబడుతుంది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, ఆ ఇంట్లో బతకలేక బయటపడినవాళ్లు అలా ఎందరో వెళ్లారు. వాళ్లను చెడిపోయినవాళ్లని తెల్ల అధికారులూ అన్నారు, మన పెద్దమనుషులూ అన్నారు. అందుకే ఇళ్లలో కథ మార్చి చెప్పుకున్నారు. నా ఉద్దేశంలో మార్గదర్శకులంటే వీళ్లే. సిగ్గుపడాల్సింది వాళ్లను వెళ్లగొట్టిన ఊళ్లు.

కాగితం మీద భార్య ఎవరన్నది కూడా అక్కడ పోరాట విషయమైంది. బహుభార్యత్వాన్ని అనుమతించే మతాల ప్రకారం జరిగిన పెళ్లిళ్లు చెల్లవని 1913 మార్చిలో కేప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఒక్క తీర్పుతో వేలాది స్త్రీలు భార్యలు కాకుండా పోయారు. ఆ ఏడాది సత్యాగ్రహంలో స్త్రీలు జైలుకెళ్లడానికి ఇదొక ముఖ్య కారణం. జైల్లో జబ్బుపడిన పదహారేళ్ల వళ్లియమ్మ విడుదలైన కొద్దిరోజులకే, 1914 ఫిబ్రవరిలో చనిపోయింది. ఆ ఏడాదే చట్టం మారింది.

మరి మనమేం చెయ్యాలి? చట్టం మన పక్కన ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్, 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాయి. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ వంశవృక్షంలో లేని కూతురు వాటా అడగాలంటే ముందు తాను కూతురినని రుజువు చేసుకోవాలి. అందుకే మన సంఘాల్లో ప్రతి ఒక్కరం తల్లి నుంచి మొదలుపెట్టి వంశవృక్షం రాద్దాం. అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ: వాళ్ల పుట్టింటి పేరు, ఊరు, చేసిన పని, చేతికొచ్చిన కూలి. బడి రికార్డులు, రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాలు జాగ్రత్త చేద్దాం. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"లో తెలంగాణా సాయుధ పోరాట స్త్రీలను అడిగితేనే కదా వాళ్లు చెప్పారు.

రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. కుల సంఘాలు అచ్చువేసే వంశావళుల్లాగా ఇది కులగర్వానికి పనికిరాకూడదు. తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్న బిడ్డ తలవంచుకునే పరిస్థితి రాకూడదు. పెద్దవాళ్లు వద్దన్న విషయాన్ని బయటపెట్టే హక్కు కూడా మనకు లేదు.

ఆ సోదరి ఇప్పుడు తన వంశవృక్షం తానే రాసుకుంది. ఆస్తి తగాదా ఇంకా తేలలేదు. కానీ ఆ కాగితంలో మొదటి పేరు వాళ్లమ్మది.