అదిరే ఇంజనుకు బండరాయి బరువు వైద్యం కాదు

కరెంటు మోటార్లు ఎన్ని వచ్చినా, లైను లేని వాగు ఒడ్డు చేలకు, కాలువ చివరి కౌలు భూములకు ఇప్పటికీ ఆయిలింజనే దిక్కు. ఆ ఇంజను విపరీతంగా అదురుతుంటే మనవాళ్లు చేసే పని ఒకటే. ఫ్రేము మీద బండరాయో, ఇసుక బస్తానో పెట్టేస్తారు. చప్పుడు కాస్త తగ్గుతుంది గానీ రోగం తగ్గదు. అప్పటికీ కుదరకపోతే మెకానిక్కును పిలిచి ఇంజను విప్పిస్తారు. చాలాసార్లు అదీ దండగ ఖర్చే. ముందు చూడవలసింది ఇంజను లోపల కాదు, ఇంజను కింద.

ఒంటి సిలిండరు ఇంజను కొంత అదరడం సహజమే. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజనులో 750 సార్లు డీజిలు మండుతుంది. అన్ని దెబ్బలూ దిమ్మ కాయాల్సిందే. నిన్న లేని అదురు ఇవాళ వచ్చిందంటేనే అనుమానించాలి.

తప్పు ఎక్కడుందో రైతే తేల్చుకోవచ్చు. ఇంజను ఆపి, బెల్టు తీసేసి, తక్కువ స్పీడులో నడిపి చూడండి. అదురు పోయిందా, లోపం పంపులోనో బెల్టులోనో ఉన్నట్టు. పోలేదా, ఇంజనులోనో దిమ్మలోనో ఉన్నట్టు.

బెల్టు పక్కకు లాగుతుంటే పుల్లీలు వరుసలో లేవన్నమాట. ఇంజను ఆపి రెండు పుల్లీల అంచుల మీదుగా దారం లాగి పట్టుకోండి. రెండూ ఒకే వెడల్పువైతే దారం నాలుగు చోట్లా తగలాలి. పంపులో గులకరాళ్లు కొట్టుకున్నట్టు చప్పుడొస్తే ఫుట్ వాల్వుకు చెత్త పట్టిందేమో, నీళ్లు బాగా కిందికి పోయాయేమో చూడాలి.

ఇక దిమ్మ సంగతి. ఫ్రేము ఊగుతూ దిమ్మ కదలకుండా ఉంటే బోల్టులు వదులైనట్టు. దిమ్మే ఊగుతుంటే అది చాలనట్టు. ఇంజను ఆపి ఒక్కో బోల్టు వదులు చేసి చూడండి. ఆ కాలు పైకి లేస్తే కింద సందుకు సరిపడా ఇనుప రేకు పెట్టి బిగించాలి. సందుండగా బలవంతంగా బిగిస్తే ఫ్రేము పగులుతుంది. కొత్త దిమ్మకు రసమట్టం పెట్టి చూడాలి, కనీసం వారం రోజులు తడపాలి. తొందరపడి మర్నాడే ఇంజను ఎక్కిస్తే బోల్టులు ఊడివస్తాయి.

ఇంజనును బండి మీద తిప్పేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. గాలి టైర్ల మీద నడిపితే స్ప్రింగు మీద పెట్టినట్టే ఎగురుతుంది. జాకీ కాళ్లు దించి, కింద చెక్కలు వేసి, బరువు టైర్ల మీద పడకుండా చూడాలి. రబ్బరు దిమ్మలు నూనెకు ఉబ్బినా, ఎండకు గట్టిపడినా మార్చెయ్యాలి.

ఇవన్నీ బాగుండి, ఇంజను ఒక దెబ్బ కొట్టి ఒక దెబ్బ తప్పుతుంటే అప్పుడు డీజిలు పైపులో గాలి, ఫిల్టరు, నాజిల్ చూపించండి. మెకానిక్కు అవసరం అక్కడే.

అదురును తేలిగ్గా తీసుకోకూడదు. దానివల్ల డీజిలు పైపు చిట్లుతుంది, బేరింగులు పోతాయి, సైలెన్సరు జాయింటు విడుతుంది. మూసిన పాకలోనో, బావిలోనో ఇంజను నడిపితే ఆ పొగలోని విషవాయువుకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. మనిషి ప్రాణమే పోతుంది. ఇంజను ఎప్పుడూ గాలి ఆడే చోటే ఉండాలి.

ఇంజను అమ్మి చేతులు దులుపుకునే డీలర్లకు ఒక మాట. దిమ్మ కొలత చెప్పి, బిగించి, కొన్ని గంటలు నడిచాక మళ్లీ వచ్చి బోల్టులు బిగించే దాకా బాధ్యత మీదే. రైతు సోదరులు కూడా పూర్తి సొమ్ము కట్టకముందే ఈ మాట అడిగి రాయించుకోవాలి. ఆ తర్వాత వారానికోసారి పానా పట్టుకుని బోల్టులు చూసుకోవడం మన పని. దానికి పావుగంట చాలు. పైరు పొట్ట మీద ఉన్నప్పుడు ఇంజను ఆగితే ఎన్ని వేలు పెట్టినా ఆ తడి తిరిగిరాదు.