రెండు దారులు కలిసే చోట

మా అమ్మీజాన్ ఉమ్రాకు బయలుదేరిన రోజున జరిగిన ఒక సంఘటనను పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవాలని కొంతకాలంగా అనుకుంటున్నాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది. ఆ రోజున తప్పు చేసినవాడు నా కుమారుడని మొదట భావించాను. నిదానంగా ఆలోచించిన తరువాత ఆ తప్పు నాదేనని తెలిసివచ్చింది.

మేము సంగారెడ్డిలో ఉంటాము. శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళాలంటే ముంబయి జాతీయ రహదారి మీదుగా ముత్తంగి వరకు వచ్చి, అక్కడ హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతాము. ఆ రోజు ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరాము. కారు నడుపుతున్నది మా పెద్దబ్బాయి. వాడికి లైసెన్సు వచ్చి అప్పటికి ఆరు నెలలు. పక్క సీటులో నేను, వెనుక అమ్మీజాన్, నా శ్రీమతి, చిన్నమ్మాయి. టోల్‌గేటు దాటి ర్యాంపు ఎక్కుతుండగా కుడివైపున ఔటర్ మీద లారీలు ఒకదాని వెంట ఒకటి వస్తూ కనిపించాయి. అబ్బాయి జాగ్రత్తగా, నలభై కూడా దాటని వేగంతో వెళ్తున్నాడు. ర్యాంపు ముగిసి పెద్ద రోడ్డులో కలవవలసిన చోటు దగ్గరపడింది. ఒక లారీ సరిగ్గా మా పక్కకు వస్తున్నది. నేను ఉలిక్కిపడి "ఆగు!" అని గట్టిగా అరిచాను.

వాడు ఆగాడు. తండ్రి మాట విన్నాడు. మా వెనుక వస్తున్న కారు టైర్లు కీచుమని శబ్దం చేశాయి. ఆ కారు మమ్మల్ని తాకకుండా, రెండు అడుగుల దూరంలో ఎలా నిలిచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మీజాన్ బెల్టు పెట్టుకోలేదు. ఆమె నుదురు ముందు సీటుకు కొట్టుకున్నది. చేతిలోని తస్బీహ్ కింద పడిపోయింది. చిన్నమ్మాయి ఏడవసాగింది. అల్లాహ్ దయవలన దెబ్బ పెద్దది కాదు. కాని మేము ర్యాంపు చివరి అంచున, ముందుకు పోలేక, వెనుకకు రాలేక, పక్కనుండి లారీలు దూసుకుపోతుంటే కారు మొత్తం కంపిస్తూ ఉండగా, చాలాసేపు అలాగే నిలిచిపోయాము.

విమానాశ్రయంలో అమ్మీజాన్‌ను సాగనంపిన తరువాత అబ్బాయి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "అబ్బా, అక్కడ నేను ఏం చేసి ఉండవలసింది?" నా దగ్గర సమాధానం లేదు. ఇరవై సంవత్సరాలుగా వాహనం నడుపుతున్నాను. వాడికి డ్రైవింగు నేర్పింది నేనే. "నిదానంగా వెళ్ళు, అనుమానం వస్తే ఆగు" అన్న రెండు మాటలే వాడికి నూరిపోశాను. మా సందులకు, బజారు రోడ్లకు ఆ మాటలు సరిపోతాయి. రెండు దారులు కలిసే ఆ చోట మాత్రం అవే మాటలు ప్రాణం మీదికి తెచ్చాయి.

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పినవాడు నా బావమరిది. పదహారు సంవత్సరాలుగా సౌదీ అరేబియాలో ట్రెయిలర్ నడుపుతూ ఆ మధ్య సెలవు మీద ఇంటికి వచ్చాడు. అతను భోజనాల దగ్గర మేనల్లుడికి వివరించిన సంగతులనే, నేను లెక్క సరిచూసుకుని ఇక్కడ రాస్తున్నాను.

ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల పొడవున నగరం చుట్టూ ఉన్న దారి. ఒక్కో వైపున నాలుగు లేన్ల చొప్పున మొత్తం ఎనిమిది లేన్లు. కుడివైపు రెండు లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల వరకు, ఎడమవైపు రెండు లేన్లలో 80 వరకు వేగాన్ని అనుమతించారు. ద్విచక్ర వాహనాలకు, పాదచారులకు అక్కడ ప్రవేశం లేదు. ర్యాంపు మీదినుండి వచ్చే మనం కలిసేది అన్నిటికన్నా ఎడమవైపున ఉన్న లేనులో. బరువైన లారీలు ఎక్కువగా వెళ్ళేదీ అందులోనే. అంటే కొత్తగా ప్రవేశించే చిన్న కారుకు మొదట ఎదురయ్యేది, తొందరగా వేగం తగ్గించుకోలేని పెద్ద వాహనం.

ఇప్పుడు లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు వస్తుంది. మనం 40 వేగంతో దాని ముందు ప్రవేశిస్తే, ప్రతి సెకనుకు 11 మీటర్ల చొప్పున అది మనకు దగ్గరవుతుంది. ప్రవేశించినప్పుడు అది 50 మీటర్ల వెనుక ఉంటే, నాలుగున్నర సెకన్లలో మన డిక్కీని తాకుతుంది. ఇక ర్యాంపు చివరన పూర్తిగా ఆగిపోయామనుకోండి. ఐదుగురు కూర్చున్న సాధారణ కుటుంబ కారు నిలిచిన చోటునుండి 80 వేగాన్ని అందుకోవడానికి పది సెకన్లయినా పడుతుంది. ఆ పది సెకన్లలో మనం సుమారు 110 మీటర్లు వెళ్తాము. లారీ 220 మీటర్లు వస్తుంది. కనుక మన వెనుక కనీసం 150 మీటర్ల మేర దారి ఖాళీగా ఉంటేనే ఆగిన చోటునుండి కదలడం క్షేమకరం. ఉదయం పూట ఔటర్ మీద అంత ఖాళీ కోసం ఎంతసేపు ఎదురుచూడాలో ఊహించండి.

అదే కారు ర్యాంపు మీదనే 80 వేగాన్ని అందుకుని ఉంటే పరిస్థితి పూర్తిగా వేరు. ముందున్న వాహనానికి, మనకు నడుమ రెండు సెకన్ల దూరం, అంటే సుమారు 45 మీటర్లు. వెనుక వచ్చే వాహనానికి మరో 45 మీటర్లు ఉంటే చాలు. ఇద్దరి వేగమూ సమానమైనప్పుడు ఎవరూ ఎవరికీ దగ్గర కారు. వర్షం కురుస్తున్నప్పుడు మాత్రం ఈ దూరాన్ని రెట్టింపు చేసుకోవాలి.

బావమరిది చెప్పిన మాట ఇది: "ర్యాంపు ఆగడానికి వేసిన దారి కాదు, వేగం అందుకోవడానికి వేసిన దారి. టోల్‌గేటు దగ్గర మనం ఆగి ఉంటాము, పెద్ద రోడ్డు మీద వాళ్ళు పరుగెత్తుతూ ఉంటారు. ఆ రెంటి నడుమ ఉన్న తేడాను పూడ్చుకోవడానికే ఆ కొద్దిపాటి దూరాన్ని మనకు ఇచ్చారు. దాన్ని భయపడుతూ ఖర్చు చేసేస్తే చివరికి చేతిలో ఏమీ మిగలదు."

అలాగని కళ్ళు మూసుకుని యాక్సిలరేటర్ తొక్కమని కాదు. ర్యాంపు వంపులో వేగం పెంచరాదు. వంపు తిరిగి దారి తిన్నగా అయిన తరువాతనే పెంచాలి. పెద్ద రోడ్డు కనిపించడం మొదలైన క్షణంనుండే చూపు దాని మీద ఉండాలి. ముందు కుడివైపు ఇండికేటర్ వేయాలి. కుడి అద్దంలో చూడాలి. అద్దంలో కనిపించని చోటు ఒకటి ఉంటుంది కనుక, ఒక్కసారి తల తిప్పి కుడి భుజం మీదుగా కూడా చూడాలి. ఏ రెండు వాహనాల నడుమ ప్రవేశించబోతున్నామో అప్పుడే నిర్ణయించుకుని, ఆ ఖాళీకి తగినట్లుగా వేగాన్ని సరిచేసుకోవాలి. ముందు వెళ్తున్న కారును కూడా గమనించాలి. మనం భుజం మీదుగా వెనుకకు చూస్తున్న క్షణంలోనే అది, ఆనాటి మా కారులాగా, హఠాత్తుగా ఆగిపోవచ్చు.

ఎంత చూసినా ఖాళీ దొరకదని తోస్తే, ర్యాంపు చివరివరకు పోయి బ్రేకు వేయరాదు. ముందుగానే, వెనుక ఎవరు వస్తున్నారో చూసుకుని, క్రమంగా వేగం తగ్గించుకోవాలి. అప్పుడు ఖాళీ కనిపించగానే వేగం అందుకోవడానికి ముందు కొంత దారి మిగిలి ఉంటుంది. పెద్ద రోడ్డులో కలిసిన తరువాత కూడా, వెంటనే కుడివైపు లేన్లలోకి దూకరాదు. ఎడమ లేనులోనే కొంతదూరం వెళ్ళి, చుట్టూ ఉన్న వాహనాల వేగానికి అలవాటు పడిన తరువాతనే మారాలి.

లారీ విషయంలో అతను ప్రత్యేకంగా చెప్పిన సంగతి నాకు పూర్తిగా కొత్త. మన దేశంలో లారీ డ్రైవరు కుడివైపున, ఎత్తైన చోట కూర్చుంటాడు. ర్యాంపునుండి మనం వచ్చేది అతని ఎడమవైపున. క్యాబినుకు ఎడమ పక్కన, కిందుగా, అతని చూపు అందని చోటు పెద్దగా ఉంటుంది. మనకు లారీ కొండంత కనిపిస్తుంది కనుక అతనికి మనం కనిపిస్తున్నామని అనుకుంటాము. అతనికి మనం లేనట్లే. కాబట్టి లారీ పక్కనే సమానంగా సాగుతూ ఉండరాదు. చాలినంత ముందుండాలి, లేదా వెనుక ఉండిపోవాలి. సందేహం కలిగితే వెనుక ఉండడమే మేలు.

గల్ఫ్ దేశాలలో వాహనం నడిపి సెలవు మీద వచ్చే మన సోదరులు మరొక విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ర్యాంపు కుడినుండి కలుస్తుంది, చూపు ఎడమ అద్దం మీదికి పోతుంది. ఇక్కడ అంతా తలకిందులు. ఇంటికి వచ్చిన మొదటి వారంలో తన కళ్ళు తనకు తెలియకుండానే ఎడమవైపుకు పోతాయని, అందుకే ఆ రోజుల్లో స్టీరింగు ముట్టుకోనని బావమరిది చెప్పాడు. పదహారేళ్ళ అనుభవమున్న వ్యక్తి అలా చెప్పడం నాకు ఆలోచింపదగిన విషయంగా తోచింది.

ఇంతవరకు చెప్పినది ర్యాంపునుండి వచ్చేవారి బాధ్యత. పెద్ద రోడ్డు మీద వెళ్తున్నవారికి దారి ఇవ్వవలసినది వారే. అయితే పెద్ద రోడ్డు మీద ఉన్నవారికి బాధ్యత ఏమీ లేదా? ఇక్కడ కూడా నన్ను నేనే తప్పు పట్టుకోవలసి వచ్చింది. నేను ఔటర్ మీద వెళ్తున్నప్పుడు ర్యాంపు మీద ఏదైనా కారు కనిపిస్తే, అది నా ముందుకు రాకుండా వేగం పెంచడం నా అలవాటు. హెడ్‌లైట్లు ఆర్పి వెలిగించేవాడిని. "నేను వస్తున్నాను, ఆగు" అని నా ఉద్దేశం. అవతలివారు దాన్ని "రండి, దారి ఇస్తున్నాను" అని అర్థం చేసుకోవచ్చునన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు. ఒకే సంకేతానికి రెండు వ్యతిరేక అర్థాలుంటే, ఆ సంకేతం లేకపోవడమే మంచిది.

నిజానికి చేయవలసినది చాలా సులభం. ఇంటర్‌ఛేంజి వస్తున్నదని తెలిపే బోర్డు కనిపించగానే ఎడమవైపు ర్యాంపును గమనించాలి. వాహనాలు వస్తుంటే, కుడి పక్క లేను ఖాళీగా ఉన్నదేమో అద్దంలో చూసి, ఇండికేటర్ వేసి, ముందుగానే అందులోకి మారాలి. అది ఖాళీగా లేకపోతే యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా సడలించి, మన ముందు ఒక వాహనానికి చోటు ఏర్పరచాలి. హఠాత్తుగా బ్రేకు వేయరాదు, లేను మారబోయి పక్కవారిని ఇబ్బంది పెట్టరాదు. ఒక వాహనానికి చోటు ఇస్తే మన ప్రయాణంలో ఆలస్యమయ్యేది రెండు మూడు సెకన్లు మాత్రమే.

దారిన పోయేవారికి హాని కలిగించకుండా ఉండటం దారికి చెందవలసిన హక్కులలో ఒకటని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు మనమందరం చిన్ననాటినుండి వింటూనే ఉన్నాము. దారిలోని ముల్లును తొలగించడానికి వంగే మనం, స్టీరింగు ముందు కూర్చోగానే ఇతరులకు మనమే ముల్లుగా మారుతున్నామేమో ఆలోచించుకోవాలి.

కారులో కూర్చున్న మిగిలినవారికీ ఇందులో పాత్ర ఉన్నది. వెనుక సీటులోని వారు కూడా బెల్టు పెట్టుకోవాలి. బుర్ఖా మీద బిగుతుగా ఉంటుందని, కొద్ది దూరమే కదా అని పెద్దలు అంటారు. వారికి నచ్చజెప్పి పెట్టించడం మన పని. ర్యాంపు ఎక్కినప్పటినుండి పెద్ద రోడ్డులో కుదురుకునే వరకు ఉన్న ఆ అర నిమిషం, కారులో ఎవరూ మాట్లాడరాదని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాము. ఫోను మోగినా ఎత్తము. "వెళ్ళు" అని గాని, "ఆగు" అని గాని ఎవరూ అనరు. ముఖ్యంగా నేను అనను. అద్దాలు ఎవరి ముందు ఉన్నాయో నిర్ణయం వారిది.

పదిహేను రోజుల తరువాత అమ్మీజాన్ తిరిగివచ్చారు. ఈసారి కూడా కారు నడిపింది పెద్దబ్బాయే. అమ్మీజాన్‌కు బెల్టు నేనే పెట్టాను. శంషాబాద్ దగ్గర ర్యాంపు ఎక్కగానే అందరమూ మౌనంగా ఉన్నాము. నా నాలుక చివరివరకు ఒక మాట వచ్చి ఆగిపోయింది. వాడు వంపు దాటాక వేగం పెంచాడు, తల తిప్పి చూశాడు. ఎడమ లేనులో వస్తున్న ఒక లారీ ముందుగానే పక్క లేనుకు మారి మాకు చోటు ఇచ్చింది. వాడు చేయెత్తి కృతజ్ఞత తెలిపాడు. ఆ డ్రైవరుకు అది కనిపించిందో లేదో తెలియదు.

కొంతదూరం వెళ్ళాక అమ్మీజాన్ అడిగారు: "ఏమిటి నాయనా, అందరూ ఇంత మౌనంగా ఉన్నారు? పెద్ద రోడ్డు ఇంకా రాలేదా?"

"వచ్చేశాము దాదీ" అన్నాడు వాడు.